బెల్టు మీదికి రాని పెట్టె

తెల్లవారుజామున బి.కొత్తకోట బస్టాండులో విమానం ఎక్కబోయే మనిషిని గుర్తుపట్టడం కష్టం కాదు. చుట్టూ బంధువులుంటారు. మధ్యలో నిండా కుక్కిన సూట్‌కేసు, పక్కన ఓ అట్టపెట్టె. సూట్‌కేసు పిడికి ఎర్ర రిబ్బను. అట్టపెట్టెకు నాలుగు వైపులా నల్ల మార్కరుతో పేరు, ఊరు, ఫోను నంబరు. ఇక్కణ్నించి మదనపల్లె, చింతామణి మీదుగా దేవనహళ్లి. అక్కణ్నించి కువైట్, రియాద్, దోహా, దుబాయ్. 2008 మే నెలలో దేవనహళ్లి విమానాశ్రయం తెరిచినప్పటి నుంచి మన పక్క చాలామందికి విదేశం పోయే దారి ఇదే.

వీళ్లు తిరిగొచ్చేటప్పుడు తెచ్చే పెట్టెలో ఏముంటుందో మనందరికీ తెలుసు. పిల్లలకు బట్టలు, అమ్మకు మెత్తటి దుప్పటి, పాలపొడి డబ్బాలు, ఖర్జూరాలు, సెంటు సీసాలు. పరాయి ఇంట్లో రెండేళ్లో మూడేళ్లో వంటపనీ ఇంటిపనీ చేసిన ఆడమనిషి, నెలనెలా ఇంటికి పంపగా మిగిలిన దాంట్లో ఒక్కొక్కటీ కొని మంచం కింద దాచుకున్న వస్తువులవి. ఆ పెట్టె విమానాశ్రయంలో సామాను వచ్చే బెల్టు మీదికి రాకపోతే, ఇంగ్లీషూ హిందీ అంతంతమాత్రంగా వచ్చిన ఆ మనిషి ఆ పెద్ద హాల్లో ఒంటరిగా నిలబడితే, ఎవరిని అడగాలి, ఏమని అడగాలి? ఈ రోజు నేను మాట్లాడబోయేది ఆ విషయమే. సామాను జాడ చెప్పే చిన్న పరికరాలు, అంటే ట్రాకర్లు, ఇప్పుడు మదనపల్లె సెల్‌ఫోను దుకాణాల్లో అడిగినా తెప్పిస్తారు. అవి ఎలా పనిచేస్తాయి, ఎంతవరకు పనిచేస్తాయి, అవి పనిచేయని చోట ఏం చేయాలి అన్నది చెబుతాను.

ముందు పెట్టె ఎందుకు తప్పిపోతుందో చూద్దాం. కౌంటరు దగ్గర మన పెట్టెకు పొడుగాటి కాగితపు పట్టీ అంటిస్తారు. దాని మీద గీతలుంటాయి, గీతల కింద పది అంకెల నంబరు ఉంటుంది. ఆ అంకెల్లో విమాన సంస్థ గుర్తు కూడా కలిసి ఉంటుంది. విమానాశ్రయం లోపలి యంత్రాలు చదివేది ఆ గీతలనే. మనం మార్కరుతో రాసిన పేరును ఏ యంత్రమూ చదవదు. ఆ పట్టీ చిరిగినా, మడతపడినా, పోయినసారి ప్రయాణంలో అంటించిన పాత పట్టీ పీకకుండా వదిలేసినా యంత్రం తికమకపడుతుంది. పెట్టె పక్కకు పోతుంది.

ఇంతకంటే పెద్ద కారణం విమానం మారడం. కువైట్ నుంచి నేరుగా బెంగళూరు వచ్చే టికెట్టు కంటే మధ్యలో ఒకచోట దిగి మారే టికెట్టు చాలాసార్లు చవక. మనవాళ్లు కొనేది దాన్నే. మొదటి విమానం గంట ఆలస్యమైతే మనిషి పరుగెత్తి రెండో విమానం అందుకుంటాడు, పెట్టె అందుకోలేదు. విమానాశ్రయాలకు సాంకేతిక సేవలు అందించే సీటా అనే సంస్థ ఏటా ఈ లెక్కలు ప్రకటిస్తుంది. 2022లో ప్రపంచం మొత్తం మీద ప్రతి వెయ్యి మంది ప్రయాణికులకు 7.6 చొప్పున పెట్టెలు ఆలస్యమవడమో, దెబ్బతినడమో, పోవడమో జరిగింది. 2023లో అది 6.9కి, 2024లో 6.3కి తగ్గింది. విమానం మారే చోట జరిగే పొరపాట్లదే ఇందులో పెద్ద వాటా. అయితే ఈ పెట్టెల్లో ఎక్కువ భాగం పూర్తిగా పోయినవి కావు, ఆలస్యంగా వచ్చినవి. ఆ మాట గుర్తుంటే బెల్టు దగ్గర గుండె కాస్త నిబ్బరంగా ఉంటుంది.

మరో రకం చిక్కు కూడా ఉంది. ఒకే కంపెనీ, ఒకే రంగు, ఒకే సైజు సూట్‌కేసులు రెండు ఒకే విమానంలో వస్తాయి. ఒకరిది ఒకరు పట్టుకుపోతారు. 2022 మార్చిలో పాట్నా నుంచి బెంగళూరు వచ్చిన ఒక సాఫ్ట్‌వేర్ ఇంజనీరుకు ఇదే జరిగింది. ఇంటికి పోయాక ఆయన భార్య చూసి ఇది మన పెట్టె కాదంది. ఇతరుల ఫోను నంబరు ఇవ్వకూడదన్న నిబంధన చెప్పి విమాన సంస్థ అవతలి ప్రయాణికుడి వివరం ఇవ్వలేదు. చివరికి ఆ ఇంజనీరు తన విద్యతో సంస్థ వెబ్‌సైటు లోపలి సమాచారం వెతికి, అవతలి మనిషి నంబరు పట్టుకుని, ఇద్దరూ కలిసి పెట్టెలు మార్చుకున్నారు. దేశమంతా ఆ వార్త చదివింది. ఆయనకు ఆ విద్య ఉంది కాబట్టి దొరికింది. మన ఊరి మనిషికి అది ఎక్కడిది?

ఇక పెట్టెకు మనం పెట్టే గుర్తుల సంగతి. మదనపల్లె టమోటా మార్కెట్టులో ఖాళీ బాక్సులు చూశారు కదా. ఏ మండీ బాక్సు మీద ఆ మండీ అక్షరాలు ఉంటాయి. ఎన్ని చేతులు మారినా బాక్సు తిరిగి ఆ మండీకే వస్తుంది. ఎందుకంటే ఆ మార్కెట్టులో ప్రతి హమాలీకీ ఆ అక్షరాలు ఎవరివో తెలుసు. మన పెట్టె మీది ఎర్ర రిబ్బను ఏ దేశపు విమానాశ్రయంలో ఎవరికి తెలుసు? పైగా ఎర్ర రిబ్బను కట్టనిది ఎవరు!

ఇక ట్రాకర్ సంగతి. దీన్నే ట్యాగు అని కూడా అంటారు. బటన్ కంటే కాస్త పెద్దగా, బొట్టుబిళ్ల డబ్బా అంత ఉంటుంది. బరువు పది పన్నెండు గ్రాములు. లోపల చేతి గడియారంలో వేసేలాంటి గుండ్రటి బ్యాటరీ ఒకటి. ఎక్కువ రకాల్లో దాదాపు ఏడాది వస్తుంది. చాలామంది ఇందులో సిమ్ కార్డు ఉంటుందనీ, ఉపగ్రహంతో మాట్లాడుతుందనీ అనుకుంటారు. ఈ చిన్న ట్యాగుల్లో అవేవీ ఉండవు. ఇది చేసేదల్లా బ్లూటూత్ ద్వారా కొద్ది మీటర్ల దూరం వరకు 'నేనిక్కడున్నాను' అని ఒక సంకేతం పంపుతూ ఉండటమే. ఆ దగ్గర్లో పోతున్న, ఆ ట్యాగుతో పనిచేసే రకం ఫోను ఏదైనా ఆ సంకేతం అందుకుని, తానున్న చోటును ఇంటర్నెట్ ద్వారా పంపుతుంది. ఆ ఫోను మనిషికి ఈ సంగతే తెలియదు. పంపిన సమాచారం రహస్య లిపిలో ఉంటుంది కాబట్టి ట్యాగు సొంతదారుకు తప్ప ఇంకెవరికీ కనబడదు. దుబాయ్ విమానాశ్రయంలో సామాను మోసే కార్మికుడి జేబులోని ఫోను, మనకు తెలియని ఆ మనిషి ఫోను, మన పెట్టె ఎక్కడుందో బి.కొత్తకోటలో ఉన్న మనకు చెబుతుందన్నమాట. నాకైతే ఈ ఏర్పాటు చాలా గొప్పగా అనిపిస్తుంది.

యాపిల్ కంపెనీ ఎయిర్‌ట్యాగ్‌ను 2021 ఏప్రిల్‌లో తెచ్చింది. అది ఐఫోనుతోనే పనిచేస్తుంది. మన ఇళ్లల్లో ఉన్నవి ఎక్కువగా ఆండ్రాయిడ్ ఫోన్లు. వాటికోసం గూగుల్ 2024లో ఇలాంటి ఏర్పాటు మొదలుపెట్టింది, ఇప్పుడు దాని పేరు ఫైండ్ హబ్. దాంతో పనిచేసే ట్యాగులు మన దేశంలోనూ వచ్చాయి. జియోట్యాగ్ గో 2024 డిసెంబరులో 1,499 రూపాయలకు వచ్చింది. కొనేముందు దుకాణంలో ఒకే ప్రశ్న అడగండి: ఇది నా ఫోనుతో పనిచేస్తుందా? ఎవరో అమెరికా నుంచి తెచ్చిచ్చారని ఎయిర్‌ట్యాగ్ పెట్టెలో వేసుకుని, చేతిలో ఆండ్రాయిడ్ ఫోను పట్టుకుంటే ఆ పెట్టె జాడ మీకు తెలియదు.

ఆండ్రాయిడ్ ఫోన్లలో ఒక సెట్టింగు గురించి ప్రత్యేకంగా చెప్పాలి. ఫోను మొదట వచ్చినప్పుడు రద్దీ ప్రాంతాల్లో మాత్రమే ఇతరుల ట్యాగులకు సాయపడేలా ఉంటుంది. ఒకే చోట పలు ఫోన్లు ఆ ట్యాగును గమనిస్తేనే జాడ పంపుతుంది. ఇది మనుషుల గోప్యత కోసం పెట్టిన జాగ్రత్త, మంచిదే. విమానాశ్రయంలో వేలమంది ఉంటారు కాబట్టి అక్కడ ఇబ్బంది లేదు. మన ములకలచెరువు స్టేషన్లో రాత్రిపూట ఒక మూట మిగిలిపోతే మాత్రం అక్కడున్న ఒకరిద్దరి ఫోన్లతో జాడ రాకపోవచ్చు. ఫైండ్ హబ్ సెట్టింగుల్లోకి పోయి 'అన్ని ప్రాంతాల్లో' అన్నది ఎంచుకుంటే మన ఫోను పల్లెలోనూ ఇంకొకరి సామాను వెతకడానికి సాయపడుతుంది. కాలేజీ పిల్లలు ఇంట్లో ఉంటే ఒక నిమిషం పని.

జాడ చూసేటప్పుడు మ్యాపు మీది చుక్క కంటే దాని పక్కనున్న సమయం ముఖ్యం. 'ఐదు నిమిషాల క్రితం' అని ఉంటే పెట్టె అక్కడే ఉన్నట్టు. 'తొమ్మిది గంటల క్రితం' అని ఉంటే అప్పుడు అక్కడ ఉండేదని మాత్రమే. విమానం గాల్లో ఉన్నప్పుడు సామాను గదిలో ఫోన్లు ఉండవు, జాడ కదలదు. పెట్టె విమానంలో మనతోనే వస్తున్నా చుక్క పాత ఊళ్లోనే కనిపిస్తుంది. దిగాక అరగంట ఆగి చూడండి. అది తెలియక గాల్లోనే ఏడుపు మొదలుపెట్టినవాళ్లున్నారు.

మా పక్క ఊరి అమ్మాయి ఒకామె కువైట్ నుంచి మధ్యలో విమానం మారి బెంగళూరు దిగింది. తమ్ముడు పట్టుబట్టి రెండు పెట్టెల్లోనూ ట్యాగులు వేయించాడు. ఒక పెట్టె వచ్చింది, రెండోది రాలేదు. కౌంటరు దగ్గర మనిషి, ఇంకో బెల్టు మీద వచ్చి ఉంటుంది, పోయి చూడమన్నాడు. ఆమె ఫోను తీసి చూపించింది. విమానం మారిన ఊళ్లోనే చుక్క, పక్కన 'ఇప్పుడే' అన్న మాట. ఆ మనిషి ఇక ఏమీ అనకుండా కంప్యూటరులో పెట్టె నంబరు కొట్టాడు, అదే ఊరు చూపించింది. వెంటనే ఫిర్యాదు రాసి ఇచ్చాడు. రెండు రోజుల్లో పెట్టె ఇంటికి వచ్చింది. ఈ సంగతిలో నన్ను కదిలించింది ఒకటుంది. ఆమెకు కావలసిన ఇంగ్లీషు మాటలు ఆమె దగ్గర లేవు. ఆమె బదులు ఆ ఫోను తెర మాట్లాడింది.

కానీ ఒకటి గట్టిగా చెబుతాను, దయచేసి గుర్తుంచుకోండి. ట్యాగు జాడ చెబుతుందే తప్ప పెట్టెను తేలేదు. తెచ్చేది విమాన సంస్థే, దాన్ని కదిలించేది కాగితమే. పెట్టె రాకపోతే విమానాశ్రయం దాటి ఒక్క అడుగు బయటపెట్టకముందే సామాను కౌంటరుకు పోయి ఫిర్యాదు రాయించాలి. దాన్ని పి.ఐ.ఆర్. అంటారు, అంటే ప్రాపర్టీ ఇర్రెగ్యులారిటీ రిపోర్ట్. పేరు నోరు తిరగకపోయినా ఫర్వాలేదు, 'పి.ఐ.ఆర్.' అన్న మూడు అక్షరాలు చాలు. వాళ్లిచ్చే కాగితం మీద పది అక్షరాలూ అంకెలూ కలిసిన నంబరు ఉంటుంది. మొదటి మూడు అక్షరాలు విమానాశ్రయానివి, తర్వాత రెండు విమాన సంస్థవి, చివరి ఐదు అంకెలు మీ ఫిర్యాదువి. ఇకపై మీ పెట్టె పేరు అదే. ఫోను చేసినా, వెబ్‌సైటులో చూసినా అదే అడుగుతారు. దాంతోపాటు బోర్డింగ్ పాస్ వెనక అంటించిన చిన్న సామాను చీటీని పారేయకండి. పెట్టె చేతికి వచ్చేదాకా దాన్ని బంగారంలా దాచుకోండి. బయట తమ్ముడో మామో కారు పెట్టుకుని ఎదురుచూస్తుంటారు, రేపు ఫోను చేద్దాంలే అని బయటికి వచ్చేస్తారు మనవాళ్లు. బయటికి వచ్చాక మళ్లీ లోపలికి పోనివ్వరు. విదేశం నుంచి ఆలస్యంగా వచ్చే పెట్టెను కస్టమ్స్ వాళ్లు చూడాలి కాబట్టి దానికి సంబంధించిన కాగితం మీద సంతకం అడిగితే అదీ అక్కడే పెట్టి రండి.

యాపిల్ ట్యాగు ఉన్నవాళ్లకు 2024 డిసెంబరు నుంచి ఒక సౌకర్యం వచ్చింది. పెట్టె జాడ చూపే లింకును విమాన సంస్థకే పంపవచ్చు. పెట్టె చేతికి రాగానే, లేదా ఏడు రోజులకు, ఆ లింకు దానంతటదే ఆగిపోతుంది. ఎయిర్ ఇండియా 2025లో తన యాప్‌లోనే ఈ సౌకర్యం పెట్టింది. అంతకు ముందు పరిస్థితి వేరు. 2022 అక్టోబరులో జర్మనీకి చెందిన లుఫ్తాన్సా విమాన సంస్థ, ఈ ట్యాగుల్లో బ్యాటరీ ఉంది కాబట్టి పెట్టెల్లో పెట్టకూడదంది. కొద్ది రోజులకే ఆ దేశపు విమానయాన అధికారులు ప్రమాదం లేదని తేల్చడంతో ఆ మాట వెనక్కి తీసుకుంది. అంత చిన్న బ్యాటరీతో భయం లేదు. పవర్‌బ్యాంకు సంగతి అలా కాదు, అది చేతి సంచిలోనే ఉండాలి. సామాను పెట్టెలో వేస్తే స్కానింగులో పట్టుకుంటారు, పెట్టెను పక్కన పెడతారు, విమానం వెళ్లిపోతుంది. ఎండు కొబ్బరి కూడా అంతే. నూనె ఎక్కువ కాబట్టి నిప్పంటుకునే వస్తువుల్లో లెక్కేసి సామాను పెట్టెల్లో వద్దన్నారు. పోయేటప్పుడు అమ్మ ప్రేమగా పెట్టిన కొబ్బరిచిప్పలు పెట్టెనే ఆపేస్తాయి. తాళ్లతో కట్టిన గుండ్రటి మూటలతోనూ ఇదే బాధ. కనీసం ఒక వైపైనా చదునుగా లేని సామాను తీసుకోబోమని దుబాయ్ విమానాశ్రయం 2017లోనే ప్రకటించింది. గుండ్రటి మూట బెల్టుల మధ్య దొర్లి ఇరుక్కుంటుంది.

పరిహారం విషయానికి వస్తే, మాంట్రియల్ ఒప్పందం అనే అంతర్జాతీయ ఒడంబడిక ఉంది. 1999లో కుదిరింది, భారతదేశం 2009లో చేరింది, కువైట్ కూడా అందులో ఉంది. దాని ప్రకారం పెట్టె దెబ్బతింటే 7 రోజుల్లోపు, ఆలస్యమైతే చేతికి వచ్చిన 21 రోజుల్లోపు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. 21 రోజులైనా పెట్టె రాకపోతే పోయినట్టే లెక్క, పరిహారం అడిగే హక్కు మనకుంటుంది. కోర్టుకు పోవాలంటే రెండేళ్ల గడువు. 2024 డిసెంబరు 28 నుంచి ఒక్కో ప్రయాణికుడికి గరిష్ఠంగా 1,519 ఎస్.డి.ఆర్. అన్నది పరిమితి. ఎస్.డి.ఆర్. అనేది అంతర్జాతీయ ద్రవ్యనిధి (ఐ.ఎం.ఎఫ్.) లెక్క, మన డబ్బులో మారకం రేటును బట్టి లక్షా డెబ్బై వేలకు పైమాటే. అది గరిష్ఠం, అందరికీ అంత ఇస్తారని కాదు. ఏమేం పోయాయో, వాటి విలువెంతో మనం చూపించాలి. అందుకే పెట్టె మూసేముందు తెరిచి ఉన్న పెట్టెను ఫోనులో రెండు ఫోటోలు తీసుకోండి. కొన్న బిల్లులను కూడా ఫోటో తీయండి. బంగారం, డబ్బు, పాస్‌పోర్టు మాత్రం ఎప్పుడూ ఒంటిమీదో చేతి సంచిలోనో ఉండాలి. దేశంలోపల విమానాల్లో పరిమితి చాలా తక్కువ, ఒక్కొక్కరికి 20,000 రూపాయలు.

గల్ఫ్ నుంచి వచ్చేవాళ్ల చేతికి పక్కవాళ్లు పార్సిళ్లు ఇస్తారు. 'మా అన్నగారింట్లో ఇచ్చెయ్యి అక్కా' అంటారు. కాదనలేరు. లోపల ఏముందో కళ్లతో చూడకుండా ఏ పార్సిలూ తీసుకోవద్దని చేతులెత్తి చెబుతున్నాను, దాని వల్ల జైలు పాలైనవాళ్లు ఉన్నారు. ఇక ట్యాగు విషయం. ఇచ్చినవాళ్లు ఆ పార్సిల్లో ట్యాగు పెడితే, తెచ్చే మనిషి ఫోనుకు 'తెలియని ట్యాగు మీతోపాటు కదులుతోంది' అని హెచ్చరిక వస్తుంది. 2024 మే నుంచి యాపిల్, గూగుల్ రెండూ కలిసి ఈ హెచ్చరిక ఇస్తున్నాయి. ట్యాగు పెట్టినవాళ్లు ముందే చెప్పాలి. ఈ హెచ్చరిక ఆడపిల్లలు ప్రత్యేకంగా తెలుసుకోవాలి. ఎవరైనా దొంగచాటుగా బ్యాగులోనో స్కూటర్ సీటు కిందో ట్యాగు వేసి వెంటాడితే ఫోను చెబుతుంది. అలాంటిది కనిపిస్తే ట్యాగును పారేయకుండా పోలీసులకు ఇవ్వండి, దాని నంబరును బట్టి ఎవరిదో కనుక్కోవచ్చు. ఇంట్లో చిన్నపిల్లలుంటే ఆ గుండ్రటి బ్యాటరీని అందకుండా ఉంచండి, మింగితే ప్రాణం మీదికి వస్తుంది.

రైలు ప్రయాణికులకు ట్యాగు ఇంకా ఎక్కువ అవసరమని నా అభిప్రాయం. ధర్మవరం, పాకాల లైన్లో మదనపల్లె రోడ్డు స్టేషన్ దగ్గర ఎక్కే మనకు సామాను బాధ్యత మనదే. 1989 రైల్వే చట్టం 100వ సెక్షన్ ప్రకారం, మనతోపాటు బోగీలో పెట్టుకున్న సామాను పోతే, రైల్వే సిబ్బంది నిర్లక్ష్యమో దుష్ప్రవర్తనో రుజువు చేస్తేనే రైల్వేది బాధ్యత. రైల్లో పోయిన డబ్బు విషయంలో 2023 జూన్‌లో సుప్రీంకోర్టు కూడా ప్రయాణికుడే తన వస్తువు కాపాడుకోవాలంది. బండిలో మరిచిపోతే వెంటనే 139కి ఫోను చేసి రైలు నంబరు, బోగీ, బెర్తు చెప్పండి. ట్యాగు ఉంటే ఇప్పుడు ఏ స్టేషన్ దాటుతోందో కూడా చెప్పగలరు. మరిచిపోయిన సామాను అప్పగించడానికి రైల్వే రక్షణ దళం 'ఆపరేషన్ అమానత్' పేరుతో పనిచేస్తోంది. ఆర్టీసీ బస్సులో మరిచిపోతే టికెట్టు మీది సర్వీసు వివరాలు చూసి డిపోకు ఫోను చేయండి. టికెట్టు నలిపి పారేయకపోవడమే అక్కడ మీ ట్రాకర్.

ట్యాగు కొనలేనివాళ్లు కూడా చేయగల పని ఒకటుంది, కొన్నవాళ్లూ చేయాలి. ఒక తెల్లకాగితం మీద ఇంగ్లీషు అక్షరాల్లో పేరు, ఊరు, మండలం, పిన్‌కోడు, ఇక్కడి ఫోను నంబరు ముందు 91తో, గల్ఫ్ నంబరు ఆ దేశపు కోడుతో రాసి, పెట్టె లోపల బట్టలన్నిటి పైన పెట్టండి. పై పట్టీ ఊడిపోయిన పెట్టెను విమాన సంస్థ వాళ్లు తెరిచి చూస్తారు, మొదట కనిపించేది ఆ కాగితమే కావాలి. ట్యాగు ఉన్నవాళ్లు దాన్ని పెట్టె మధ్యలో బట్టల్లో చుట్టి పెట్టండి. ఇనుప డబ్బాలో వేయకండి, సంకేతం బయటికి రాదు. ఈ వారంలో మీ ఇంట్లోంచో పక్కింట్లోంచో దేవనహళ్లికి బయల్దేరేవాళ్లుంటే, మదనపల్లెలో చదివే పిల్లలారా, మీరు పోయి వాళ్ల ఫోనులో ఆ ట్యాగు జతచేసి ఇవ్వండి. పి.ఐ.ఆర్. అన్న మూడు అక్షరాలు ఒక చీటీ మీద రాసి పాస్‌పోర్టులో పెట్టండి.